పాత చొక్కాలు – చేతికుట్టు రవిక

చొక్కా అంతయు ఒక్కమాఱుగా పాతబడదు. మెడ రాపిడికి మొదట కాలరు మడత వెంబడి చిట్లును. పిదప ముంజేతి పట్టీల అంచులు పోవును. మోచేతికడ గుడ్డ పలుచనగును. కాని వీపు భాగము, ముందుభాగముల క్రింది సగము, చేతుల పైభాగము చాలకాలము చెక్కుచెదరక నిలుచును. తొడుగుకొనువాడు కాలరును చూచి చొక్కా పోయినదనును. కుట్టుపని తెలిసినవారు వీపును చూచి, ఇంకను సుమారు గజము గుడ్డ మిగిలియున్నదందురు. ఇద్దఱును చూచినది ఒక చొక్కానే.

తెలుగువారి యిండ్లలో ఈ రెండవ చూపు క్రొత్తది కాదు. నాలుగైదు నూలుచీరలు మెత్తబడిన పిదప వానిని పొరలుగా పఱచి, వరుసకుట్లు వేసి బొంతలుగా కుట్టుచుండిరి. పాతపంచె పసిబిడ్డకు ప్రక్కగుడ్డ యగును. పాతచీర ఉయ్యెల యగును. అప్పుడే పుట్టిన బిడ్డకు క్రొత్తగుడ్డ కాక, పలుమాఱులు ఉతికిన పాతగుడ్డనే చుట్టు ఆచారము నేటికిని పెక్కు కుటుంబములలో నున్నది. ఆ యాచారమునకు కారణము పేదఱికము కాదు, గుడ్డను గూర్చిన తెలివి. గంజియు కఱకుదనమును పోయిన నూలుగుడ్డ లేతచర్మమునకు హితమని పెద్దలెఱుగుదురు. దర్జీలు సైతము చిట్లిన కాలరును విప్పి, లోపలివైపు పైకి వచ్చునట్లు త్రిప్పి కుట్టి యిచ్చెడివారు. దానితో చొక్కాకు మఱి కొంతకాలము ఆయువు పెరిగెడిది. ఇక దేనికిని పనికిరావనుకొన్న గుడ్డలను మూటగట్టి, వీథిలోనికి వచ్చు స్టీలుసామానులవానికిచ్చి గిన్నెయో పళ్లెమో పుచ్చుకొనుట గృహిణులకొక వేడుక. ఆ బేరమున వారు చూపు నేర్పు, ధరచీటీ అంటించి అమ్ము నేటి పెద్ద అంగళ్లలో చూపుటకు చోటే లేదు.

ఇప్పుడు కాలము మాఱినది. కుట్టి సిద్ధముగా నుంచిన బట్టలు చవుకగా దొరకుచున్నవి; చవుకగా వచ్చినది తేలికగా పోవుచున్నది. చిలీ దేశపు అటకామా ఎడారిలో, ఇకీకే రేవునకు చేరువనున్న ఆల్టో హొస్పీసియో పట్టణపు పొలిమేరను, అమ్ముడుపోని బట్టలు గుట్టలుగా పడియుండుట 2021లో ప్రపంచమంతట వార్తయైనది. ఘనా రాజధానియగు అక్రాలో కంటమాంటో అను సంత కలదు. అచటికి సంపన్నదేశముల నుండి పాతబట్టలు బేళ్లకొలది వచ్చును. అమ్ముడుపోనివి మురుగుకాలువలకును సముద్రతీరమునకును చేరును. మన దేశమున పానిపట్టు నగరము ఇట్టి పాత ఉన్నిబట్టలను చించి, మరల నూలుగా వడకి, కంబళ్లు నేయుటకు ప్రసిద్ధి గన్నది. పాలిస్టరు కలిసిన గుడ్డ ఎన్నియేండ్లకును మట్టిలో కలియదు. నూలుగుడ్డ కలియును, కాని పంట మొదలుకొని అద్దకము వఱకు ఒక చిన్న నూలుచొక్కాకు సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని ఒక అంచనా కలదు.

ఈ లెక్కలు చెప్పి, పాతబట్టలతో కుట్టుకొనిన లోకము బాగుపడునని విద్యార్థులకు బోధించువారు కలరు. అది సరికాదు. ఒక బాలిక రెండు చొక్కాలను రవికగా మార్చినంతమాత్రమున అటకామా గుట్ట తరుగదు. డబ్బు మిగులునను మాటయు పూర్తిగ నిజము కాదు. దారము, హుక్కులు, పట్టిన ప్రొద్దు లెక్కించినచో, క్రొత్తగా నేర్చుకొనువాని చేతిలో ఆ రవిక అంగటి రవిక కంటె చవుక కాకపోవచ్చును. ఇక ఈ పని ఏల చేయవలయును? పని ఎట్లు జరుగునో చూచినగాని దీనికి సమాధానము దొరకదు.

అన్నవో తండ్రివో రెండు నూలుచొక్కాలు దొరికినవనుకొనవచ్చును. ఒకటి వట్టి రంగుది, రెండవది చారలది. మొదట వానిని కత్తిరింపరాదు, విప్పవలయును. యంత్రపుకుట్టునందు పైదారము, క్రిందిదారము అని రెండు దారములుండి, ఒకదానినొకటి పెనవైచుకొనియుండును. ఒకవైపున నాలుగైదు కుట్లకొకటి చొప్పున తెంపి, రెండవవైపు దారమును మెల్లగ లాగినచో అది పొడవుగా వెలికి వచ్చును. తొందరపడి రెండు ముక్కలను చెఱియొకవైపు గుంజినచో కుట్టు కంటె ముందు గుడ్డ చినుగును. ప్రక్కకుట్టు విప్పుట కష్టము. చొక్కా ప్రక్కలను కుట్టునపుడు ఒక అంచును రెండవదాని మడతలోనికి దూర్చి, దానిపై రెండు వరుసలు కుట్టుదురు. అందుచే లోపల ఎచటను పోగులు లేచిన అంచు కనబడదు. ఎన్నియో ఏండ్లుగా తొడుగుచున్న చొక్కాలో ఇట్టి నేర్పు కలదని, విప్పువఱకు ఎవరికిని తోచదు. కాలరు లోపల బిఱుసుగుడ్డ వేఱుగా నుండుటయు, భుజములపై గుడ్డ రెండు పొరలుగా నుండుటయు అప్పుడే తెలియును. విప్పుట ఒక సాయంకాలపు పని. నేర్చుకొను విషయమున సగము అందే యున్నది.

విప్పిన ముక్కలను ఉతికి, ఇస్త్రీ చేసి, కిటికీ వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలయును. పలుచబడినచోట వెలుతురు ఎక్కువగా దిగును. అచట సుద్దతో గుర్తు పెట్టి, ఆ భాగమును విడువవలయును. పాతగుడ్డకు ఒక సుగుణము కలదు: క్రుంగవలసినంత అదివఱకే క్రుంగినది, వెలియవలసినంత వెలిసినది. ఇక ముందు అది మోసము చేయదు. క్రొత్తగుడ్డను తడిపి ఆరవేయక కుట్టి, మొదటి ఉతుకులోనే రవిక బిగుసుకొనిపోగా వగచువారు ఎందఱో కలరు.

కొలతలకు ఆది రవిక మేలు. దర్జీకిచ్చునట్లే, చక్కగా అమరిన పాత రవికనొకదానిని తీసికొని, వార్తాపత్రిక కాగితముపై పఱచి, చుట్టును గీచి, కుట్టుకొఱకు అర్ధాంగుళమో ముప్పాతిక అంగుళమో ఎక్కువ విడిచి కత్తిరింపవలయును. ఆ కాగితపుముక్కలను గుడ్డపై నెట్లు పఱచుటయను ప్రశ్న తరువాత వచ్చును. గుడ్డకు పడుగు, పేక అని రెండు దారులు కలవు. పడుగు వెంట లాగిన గుడ్డ సాగదు. పేక వెంట కొంచెము సాగును. రెంటికిని ఏటవాలుగా లాగిన చాల సాగును. చారల చొక్కాలో చారయే పడుగు దారిని చూపును గనుక, నేర్చుకొనువారికి అది గురువు వంటిది. కాగితము వంకరగా పెట్టి కత్తిరించిన రవిక తొడిగిన మొదటిదినము బాగుగనే యుండును. నాలుగు ఉతుకులకు ఒకవైపునకు మెలిదిరుగును. మెడచుట్టు వేయు పట్టీని మాత్రము కావలెననియే ఏటవాలుగా కత్తిరింతురు. నిలువుగా కత్తిరించిన పట్టీ మెడ వంపునకు వంగదు.

చొక్కా వీపు రవిక ముందుభాగమునకు సరిపోవును. చొక్కా ముందుభాగమును గుండీలపట్టీతో సహా రవిక వెనుకకు త్రిప్పినచో, కాజాలు కుట్టు బాధ తప్పును. క్రొత్తవారి చేతికి కాజా అన్నిటికంటె కష్టము. మగవారి చొక్కాలకు కాజాలు ఎడమవైపునను గుండీలు కుడివైపునను ఉండును. ఆడువారి దుస్తులకు సాధారణముగా దీనికి తలక్రిందు. ఆ పట్టీని ముందే ఉంచుకొన్నచో రవిక మగవారి పద్ధతిలో మూయబడును. దానివలన నష్టమేమియు లేదు. చూచి పట్టుకొనగలవాడు దర్జీ యొక్కడే. పొట్టిచేతుల చొక్కా యైనచో దాని చేతి అంచుమడతయే రవిక చేతికి అంచుమడత యగును. రెండు పొరల భుజపుగుడ్డ మెడ లోపలి అస్తరునకు పనికివచ్చును.

చేయి ఎక్కించుటయే గట్టి పరీక్ష. చంకవంపు కొలతయు చేతి పైవంపు కొలతయు సరిపడనిచో ముడుతలు పడును. చంకవంపును వదులుగా నుండునని లోతుగా కత్తిరించినవారు, చేయి పైకెత్తగానే రవిక యంతయు పైకి లేచుట చూచి వింతపడుదురు. చంక ఎంత ఎత్తుగా, ఒంటికి దగ్గఱగా నున్న, చేయి అంత స్వేచ్ఛగా కదలును. ఇది చదివి తెలిసికొనుట కంటె ఒకమాఱు చెడగొట్టి తెలిసికొనుట సులభము. పాతచొక్కా యగుటచే చెడినను దుఃఖము లేదు. కుట్టుయంత్రము లేనివారు వెనుకకుట్టు వేయవచ్చును. సూదిని ఒక అడుగు వెనుకకు గ్రుచ్చి, రెండడుగులు ముందుకు తీయు ఈ కుట్టు గట్టిది. ముందునకు మాత్రమే పోవు వరుసకుట్టు టాకాలకే గాని చంకకును ప్రక్కలకును ఆగదు.

ఇంత పని చేసిన బాలికకు దక్కునది ఒక్క రవిక కాదు. చేయి ఎక్కించుటకు మూడుగంటలు పట్టినవారు దర్జీకడ పదిరూపాయల కొఱకు గీచిగీచి బేరమాడరు. అంగటిలో వ్రేలాడు చవుక రవికను లోపలివైపు త్రిప్పి చూచి, కుట్టువిడుపు లేకుండ, పోగులు లేచుచున్న అంచులతో కుట్టినదని గ్రహింతురు. అంత చవుకగా వచ్చినచో ఎవరి కూలి తఱిగినదో అని ఆలోచింతురు. బట్టను గూర్చి ఇతరులు చెప్పినదెల్ల నమ్మవలసిన దుస్థితి వారికి ఉండదు. ఈ తెలివి కొఱకు ఒకటి రెండు ఆదివారములు వ్యయమైనను చింత లేదు.

యుద్ధకాలమున ఒక దేశమంతయు ఈ విద్యను మరల నేర్చుకొనవలసి వచ్చినది. బ్రిటనులో 1941 జూను 1వ తేదీన బట్టలకు కూపనులు పెట్టిరి. ఆ కట్టుబాటు 1949 వఱకు సాగినది. 1943లో ఆ ప్రభుత్వపు వాణిజ్యశాఖ, ఉన్నదానిని బాగుచేసికొని వాడుకొనుటను గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించినది. పురుషులు యుద్ధమునకు పోగా పెట్టెలలో నున్న వారి దుస్తులు స్త్రీల దుస్తులుగా మాఱినవి. అది నిర్బంధముచే వచ్చిన పొదుపు. కూపనులు పోయినవెంటనే ఆ యలవాటు సడలుటలో ఆశ్చర్యము లేదు. నిర్బంధము లేనపుడు ఇష్టముతో చేయుట వేఱు.

మహాత్మాగాంధి యంత్రములను గూర్చి 1924లో మాటాడుచు, కుట్టుయంత్రమును మాత్రము తన విమర్శ నుండి మినహాయించెను. భార్య చేతితో కుట్టుచు పడుశ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన భావము. నిజమునకు ఎలియాస్ హోవె 1846లోనే రెండుదారముల కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. సింగరుది 1851 నాటిది. గాంధిగారి అభిప్రాయమునకు ఈ తేడా వలన లోపము రాదు. మనిషి చేతికి సాయపడు యంత్రము వేఱు, మనిషిని త్రోసివేయు యంత్రము వేఱు అని ఆయన చెప్పదలచెను. 1937లో వార్ధాలో చేతిపని మూలమున చదువు చెప్పవలెనని ప్రతిపాదించినవారును ఆయనయే.

ఇచట ఒక గట్టి ఆక్షేపణ కలదు. అందఱును పాతచొక్కాలు కుట్టుకొన్నచో నేతగాడేమి కావలయును? దర్జీ యేమి కావలయును? పొందూరులో వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడకు స్త్రీలను, మంగళగిరి మగ్గములను తలచుకొన్నవారికి ఈ ప్రశ్న తేలికగా తోచదు. కాని చేనేతకు పోటీ వచ్చునది అతుకు వేసికొనువారివలన కాదు. మూడుమాఱులు తొడిగి పాఱవేయుటకు అమ్ము గుడ్డవలన. పడుగు పేకల తేడా చేతితో తెలిసికొన్నవారే, నేతచీర ధర ఎక్కువ యేలయని అడుగక కొందురు. దర్జీకిని ఇట్టివారివలన భయము లేదు. పెండ్లిరవిక కుట్టించుకొనుటకు వారతనికడకే పోవుదురు.

సిగ్గు సంగతి వేఱు. అతుకుబట్ట కట్టుకొన్న పిల్లను బడిలో నవ్వుట నేటికిని కలదు. గత్యంతరము లేక అతుకు వేసికొను కుటుంబమునకు ఈ పనిని గొప్పగా పొగడి చెప్పుట ఒక విధమైన క్రూరత్వము. వారికి కావలసినది క్రొత్తబట్ట. అందుచే బడిలో ఈ పని నేర్పునపుడు, కలవారి పిల్లల చొక్కాలే ముందుగ కత్తెర క్రిందికి రావలయును.

మగపిల్లలు దీనిని నేర్వనక్కఱలేదను తలంపు మఱియొక వింత. ఊరిలో దర్జీకొట్లు నడుపువారు ఎక్కువగా మగవారే. ఇంటిలో మాత్రము గుండీ ఊడిన కొడుకు తల్లికొఱకు వెదకును. కూలికి చేయునపుడు మగవాని విద్యయైనది, కూలి లేనపుడు ఆడుదాని పనియగుటకు తగిన కారణము ఇంతవఱకు ఎవరును చెప్పలేదు. చొక్కా ఇచ్చిన అన్నయే దానిని విప్పుటకు కూర్చున్నచో సగము సాయంకాలము మిగులును.

రవిక పూర్తియైన పిదప కాలరు, ముంజేతిపట్టీలు, పనికిరాని గుండీలు మిగులును. గుండీలు డబ్బాలోనికి, కాలరు మసిగుడ్డకును పోవును. చొక్కా జేబు సంగతి మాత్రము ఆలోచింపదగినది. మగవారి చొక్కాకు జేబు లేనిచో కొనరు. ఆడువారి రవికకు జేబు అడుగువారే లేరు. ఆ జేబును విప్పి లంగా నడుముపట్టీ క్రింద కుట్టుకొన్న బాలికకు బస్సుచార్జీ పెట్టుకొనుటకు చోటు దొరకును.