కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో మన పోస్టు



2018లో యూజీసీ టీచింగ్ పోస్టుల రోస్టర్‌ను డిపార్ట్‌మెంట్ వారీగా లెక్కపెట్టమంది. ఎస్టీకి 7.5 శాతమే కాబట్టి మన మొదటి పాయింట్ 14వది. అంటే 13 పోస్టులున్న కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో మనకు సున్నా. దేశమంతా కొట్లాడాకే 2019 చట్టం వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీల్లో మళ్లీ యూనివర్సిటీ మొత్తం ఒకే యూనిట్ అయింది.

ఇప్పుడు 'అర్హులు లేరు' అని మన పోస్టు ఖాళీగా పెడితే ఎట్లా? ఆ మాట అనే అవకాశం మనం ఇవ్వొద్దు. మా హాస్టల్లో డిగ్రీ అవ్వగానే అందరం బీఈడీ అంటాం. అది మంచిదే, కానీ అదొక్కటే దారి కాదు. ఎమ్మెస్సీలో మనకు 50 శాతం మార్కులుంటే సీఎస్ఐఆర్ నెట్ రాయొచ్చు. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు. ఇంటికి భారం కాము.

పోస్టులు నింపమని అడుగుదాం. చదువుకుంటూనే అడుగుదాం.