లేని అమరికకు ఏ జవాబు?

కంప్యూటరు ప్రోగ్రాములు తమకు కావలసిన అమరికలను ఒక పట్టిక నుండి చదువుకుంటాయన్నది పాఠకులకు తెలిసినదే. అడిగిన అమరిక ఆ పట్టికలో లేనే లేకపోతే ఏ జవాబు ఇవ్వాలి? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నను ఈ మాసం పరిశీలిద్దాం.

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన అమ్రోలి ఉన్నది. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్ నగరాన్ని ముంచెత్తినది. అమ్రోలిలో నదీమట్టాన్ని కనిపెట్టే యంత్రం ఒకటి ఉన్నదనీ, హెచ్చరిక మట్టాన్ని దానిలో నమోదు చేయడం మరచారనీ ఊహిద్దాం. ప్రోగ్రాము దానిని 0గా గ్రహిస్తే గంట నిత్యమూ మోగుతూనే ఉంటుంది. విసిగిన కాపలాదారు దానిని ఆపివేస్తాడు. ఏదో ఒక పెద్ద సంఖ్యను గ్రహిస్తే వరద వచ్చినా గంట మోగదు. రెండూ అబద్ధపు జవాబులే. "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు" అన్నదే నిజమైన జవాబు.

భవిష్యనిధి పత్రంలో నామినీ గడి ఖాళీగా ఉంటే, ఆ ఉద్యోగికి వారసులు లేరని ఎవరూ అర్థం చేసుకోరు కదా! శూన్యం వేరు, లేమి వేరు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడవ పదార్థంగా పరిగణించి, దానిని నాలుగు విధాలుగా విభజించాడు. లేకపోవడం కూడా తెలుసుకొనదగిన విషయమేనని మన తార్కికుల అభిప్రాయం.

కంప్యూటరు భాషలు ఈ చిక్కును పలు విధాల ఎదుర్కొన్నాయి. 1965లో టోనీ హోర్ 'నల్' అనే శూన్య సూచికను ప్రవేశపెట్టాడు. దానిని సరిచూడక వాడిన ప్రోగ్రాములు ఎన్నో కూలిపోయాయి. అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే అన్నాడు. 'సి' భాషలోని 'ఎటుఐ' అంకె కాని అక్షరాలకు కూడా 0 అనే చెబుతుంది. అందుచేత అసలైన సున్నకూ, తప్పుడు రాతకూ భేదం తెలియదు. 'జావా'లో అమరిక లేనప్పుడు వాడవలసిన విలువను అడిగేవారే వెంట ఇవ్వవచ్చును. 'గో' భాషలోని పట్టిక విలువతోపాటు అది ఉన్నదో లేదో కూడా తెలుపుతుంది.

వీటి నుండి మనం గ్రహించవలసినవి మూడు. ప్రాణానికీ ధనానికీ సంబంధించిన అమరిక లేకపోతే, దాని పేరు చెప్పి ప్రోగ్రాము ఆరంభంలోనే ఆగిపోవాలి. తెర రంగు వంటి నిరపాయమైన వాటికి ముందే నిర్ణయించిన విలువ చాలును. అయితే అట్టి విలువలన్నీ ఒకేచోట వ్రాసి ఉండాలి, వాడినప్పుడెల్లా చిట్టాలో నమోదు కావాలి. ఖాళీగా ఉంచిన అమరికనూ, అసలే లేని అమరికనూ ఒకటిగా చూడరాదు.

మీ విభాగంలో కొత్త ప్రోగ్రామును స్వీకరించే ముందు పట్టికలోని ఒక్కొక్క వరుసనూ తొలగించి నడిపి చూడండి. అది మౌనంగా సాగిపోయిన ప్రతి చోటా, ఏ విలువతో సాగిపోయినదో తప్పక అడిగి తెలుసుకోండి.