తిండి గురించి అడుగుతారు, ముట్టు గురించి అడగరు

ఆదివాసీ ఆడపిల్లల ఆరోగ్యం మీద ఏ రిపోర్టు చూసినా రక్తహీనత అనే మాట ఉంటది. పక్కనే కారణం కూడా రాసేస్తారు: తిండి సరిగా తినరు, ఆకుకూరలు తినరు. తిండి చాలడం లేదు, కాదనం. కానీ లోపలికి ఎంత పోతోందో లెక్కేసేవాళ్ళు బయటికి ఎంత పోతోందో ఎందుకు అడగరు? నెలనెలా ముట్టులో పోయే రక్తం ఎవరి లెక్కలోనూ లేదు.

చెల్లీ, ముందు నీతోనే మాట్లాడాలి. ముట్టు 7 రోజులు దాటుతోందా? గంటకో రెండు గంటలకో గుడ్డ గానీ ప్యాడ్ గానీ తడిసిపోతోందా? రూపాయి బిళ్ళ కన్నా పెద్ద గడ్డలు పడుతున్నాయా? వీటిలో ఒక్కటున్నా చూపించుకోవాల్సిందే. "మా అమ్మకీ ఇంతే" అంటాం. అమ్మకూ అదే జబ్బు ఉండొచ్చు కదా! రక్తం సరిగా గడ్డకట్టని జబ్బులు కొన్ని కుటుంబాల్లోనే వస్తాయి. మొదటి ముట్టు నుంచే ఎక్కువ పోతూ, ముక్కులోంచి, చిగుళ్ళలోంచి కూడా రక్తం కారే పిల్లకు ఆ పరీక్ష చేయాలి. పెద్దమనిషి అయిన కొత్తలో తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. కళ్ళు తిరిగి పడిపోయేంత రక్తం పోవడం మామూలు కాదు.

హాస్టల్లో వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అది రక్తం తగ్గకుండా ముందుజాగ్రత్తకు ఇచ్చే మోతాదు. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గిన పిల్లకు రోజూ మాత్రలు కావాలి. 8 కన్నా తగ్గితే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. వారం మాత్ర మింగించి రిజిస్టర్లో టిక్కు పెడితే వైద్యం అయిపోదు. చిల్లు పూడ్చకుండా కుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం? (మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి మానకండి. టీతో మాత్రం మింగకండి.)

పరీక్షలు పెద్దవేం కావు. రక్త పరీక్ష, థైరాయిడ్, పెళ్ళయినవాళ్ళకు గర్భం ఉందేమో చూడటం, పొట్ట మీద నుంచి స్కానింగ్. పెళ్ళికాని పిల్లలకు లోపల పరీక్ష చేస్తారని భయపడి చాలామంది వెళ్ళరు. మొదట ఆ అవసరమే రాదు. మన దగ్గర సికిల్ సెల్ పరీక్ష కూడా తప్పనిసరి. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు డాక్టరుకు చూపించండి. సికిల్ జబ్బుతో తగ్గిన రక్తం ఒక్క ఐరన్‌తో పెరగదు. పైగా రక్తస్రావం ఆపే కొన్ని మందులు వాళ్ళకు జాగ్రత్తగా చూసి ఇవ్వాలి.

వైద్యం ఉంది. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్, మెఫెనమిక్ యాసిడ్ మాత్రలున్నాయి. హార్మోన్ మాత్రలున్నాయి. పిల్లలు పుట్టినవాళ్ళకు కొన్నేళ్ళు పనిచేసే హార్మోన్ లూప్ ఉంది. ఏది ఎవరికన్నది డాక్టరు చెప్పాలి, మెడికల్ షాపు కాదు.

ఇవేవీ చెప్పకుండా 30 ఏళ్ళ అక్కకు "గర్భసంచి తీసేద్దాం" అంటారు చూడండి, అక్కడే నాకు కోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 100కి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో 8 మంది. అనవసర ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. క్యాన్సర్‌కో, మందులకు లొంగని పెద్ద గడ్డలకో ఆపరేషన్ కావాలి, నిజమే. అయినా సంతకం పెట్టే ముందు అడగండి: స్కానింగ్‌లో ఏముంది? ఏ మందులు వాడి చూశారు? అండాశయాలు ఉంచుతారా? చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

తమ్ముళ్ళూ, ఇది ఆడవాళ్ళ గొడవని పక్కకు పోకండి. అక్కను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళేది మీరే. ఐటీడీఏలో రోడ్డు కోసం, పట్టాల కోసం అర్జీ ఇచ్చేటప్పుడు ఇంకో కాగితం కూడా పెట్టండి. హాస్టల్‌కు వచ్చే ఏఎన్ఎం ప్రతి పిల్లను ముట్టు ఎన్ని రోజులు, ఎన్ని గుడ్డలు అని అడిగి రాయాలి. ఏజెన్సీ ఆసుపత్రిలో స్కానింగ్ మిషన్ ఉంటే చాలదు, తీసే డాక్టరు ఏ రోజు ఉంటారో గోడ మీద రాసి పెట్టాలి.