రాక్షస గుళ్ళు ఎవరివి?

పల్నాటి కళాచరిత్ర అనగానే మన పుస్తకాలు ఇక్ష్వాకుల విజయపురితో ఆరంభిస్తాయి. క్రీ.శ. మూడవ శతాబ్ది, శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, సున్నపురాతి పలకలపై బౌద్ధశిల్పం. బడిలో తెలుగు చెప్పినన్నాళ్ళూ నేనూ పిల్లలకు అలాగే చెప్పాను, అంతకుముందు ఇక్కడ అరణ్యం తప్ప మరేమీ లేనట్లు! అది పొరపాటని ఇప్పుడు నా అభిప్రాయం.

ఆనకట్ట వల్ల నాగార్జునకొండ లోయ మునగబోతున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వాన పురావస్తుశాఖ అక్కడ విస్తృతంగా త్రవ్వకాలు జరిపింది. స్తూపాలు, విహారాలతో పాటు పాతరాతియుగపు పనిముట్లు, కొత్తరాతియుగపు నివాసాలు, బృహత్ శిలాయుగపు సమాధులు కూడ బయటపడ్డాయి. కొత్తరాతియుగం వారు నేలలో గుంటలు త్రవ్వి, అంచున గుంజలు పాతి, పైన కప్పు వేసుకొని కాపురమున్నారు. గుంజలు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. అవి పాతిన రంధ్రాలు మిగిలాయి. పల్నాట వాస్తువిద్యకు ఓనమాలు ఆ రంధ్రాలే.

ఆ కాలపు రాతిగొడ్డళ్ళను శ్రద్ధగా చూడండి. నరకడానికి అంచు పదునైతే చాలును. కాని కొన్నిటిని ఒళ్ళంతా నున్నగా నూరారు. పనికి కావలసినంత నూరడం అవసరం. ఆపైన కంటికి, చేతికి ఇంపు కోసం నూరడాన్ని ఏమనాలి? కళ అని నేనంటాను.

తరువాత ఇనుము ఎరిగిన కాలం వచ్చింది. పోయినవారి అస్థులను నలుపు, ఎరుపు కలిసిన కుండలతో, ఇనుప పనిముట్లతో పాతిపెట్టి, పైన రాళ్ళు కుప్పపోసి, చుట్టూ పెద్ద బండలను వలయంగా నిలిపారు. తాము ఉండడానికి కర్ర, గడ్డి, మట్టి. పోయినవారికి రాయి! మన ప్రాంతాన రాతికట్టడం తలదాచుకోవడానికి గాక, పెద్దలను తలచుకోవడానికి పుట్టిందని నా నమ్మకం.

ఇటువంటి కట్టడాలను తెలుగునాట జనం రాక్షస గుళ్ళంటారు. ఒకసారి తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, లోపల దొరికినవి మనుషుల ఎముకలే కదా, మరి రాక్షసుల గుడి అంటారేమండీ?" అని అడిగాడు. ఆ రోజు నావద్ద జవాబు లేదు. తరువాత ఆలోచించాను. గుడి అంటే దేవాలయమొక్కటే కాదు. చంద్రుని చుట్టూ కట్టే వలయమూ గుడే, 'కి'లో అక్షరం తలపై చుట్టే గుర్తూ గుడే. బండలను వలయంగా పేర్చిన చోటిని మనవారు గుడి అనడంలో పొరపాటు లేదు. పొరపాటల్లా 'రాక్షస' అన్న ముందుమాటలో ఉన్నది. అంతంత బండలు మనుషులు ఎత్తగలరా అన్న ఆశ్చర్యం, ఎత్తినవారిని మనుషుల్లోంచి వెలివేసింది.

ఇదే లోయలో లాంగ్‌హర్స్ట్ 1927-31 మధ్య త్రవ్విన మహాచైత్యం పునాది ఆకులున్న బండిచక్రంలా ఉంటుంది. అందులో ధాతువు దొరికింది. స్తూపం బౌద్ధంతో ఉత్తరాన్నుండి వచ్చిందంటారు. నిజమే, కాదనను. కాని అస్థులను నిక్షేపించి, చుట్టూ వలయం కట్టి గౌరవించడం ఈ నేలకు అప్పటికే తెలిసిన పని. విజయపురి శిల్పుల చేతికి ఉలి వచ్చేనాటికే ఆ భావన ఇక్కడ ఉన్నది.

ఏటా కార్తీకంలో కారెంపూడిలో పన్నెండవ శతాబ్ది పల్నాటి వీరులను కొలుచుకునే సీమ మనది. ఎనిమిది వందల ఏళ్ళనాటి మృతులు వీరులు, అంతకుముందు వేయేళ్ళనాటి మృతులు రాక్షసులా? పేరు చిన్న విషయం కాదు. పెద్దల సమాధి అనుకున్న రాతిమీద ఎవరూ గునపం వేయరు. రాక్షసుల రాయి అయితే గట్టుకో కంకరకో నిస్సంకోచంగా తీసుకుపోతారు. తెలుగునాట ఎన్నో వలయాలు ఇలాగే మాయమయ్యాయి.

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషం. అయితే ప్రతి వలయానికీ యునెస్కో రాదు. మీ ఊరి పొలాల్లో, గుట్టల వెంబడి అటువంటి రాళ్ళుంటే, వాటిని ఊరివారు ఏ పేరుతో పిలుస్తారో అడిగి వ్రాసిపెట్టండి. పిల్లలను తీసుకువెళ్ళి చూపించండి. "ఇవి రాక్షసులవి కావు, మన పెద్దలవి" అని చెప్పండి. ఆనాడు ఆ పిల్లవాడికి నేను చెప్పలేకపోయిన జవాబు అది.