శోఫారు వచ్చింది, భోజనబల్ల రాలేదు



ఈమధ్య మన ప్రాంతపు ఉజ్జీవ సభల్లో ఇశ్రాయేలు జెండా, ప్రసంగికుని భుజాన కుచ్చుల శాలువా, చేతిలో పొట్టేలు కొమ్ము కనిపిస్తున్నాయి. యువతకు యూదుల ఆత్మీయత నేర్పుతున్నామని మైకులో చెప్తున్నారు. మేము దీన్ని ఒప్పుకోము. యూదులు ఆ కొమ్మును ముఖ్యంగా తమ కొత్త సంవత్సరపు పండుగకు ఊదుతారు. ఆ రోజు విశ్రాంతిదినమైతే ఆచారం పాటించేవారు అప్పుడూ ఊదరు. మనవాళ్లు ఫొటో కోసం కూడా ఊదుతున్నారు!

పిల్లలు చదువుకు దూరం పోతే యూదులు ఏం చేశారో చూడండి. 1923లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్లెల్ అనే సంస్థ మొదలైంది. ఇప్పుడు ఎన్నో యూనివర్సిటీల్లో శుక్రవారం సాయంత్రం విద్యార్థులను బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు. సామూహిక ప్రార్థనకు రబ్బీ లేకున్నా పర్వాలేదు, పదిమంది ఉండాలి. అంటే పదోవాడు రాకపోతే లోటు తెలుస్తుంది. లేఖనాన్ని ఇద్దరిద్దరుగా కూర్చుని పైకి చదివి వాదించుకుంటారు. మన యూత్ మీటింగులో ప్రశ్న అడిగితే "విశ్వాసం తగ్గింది" అని తలమీద చెయ్యి పెడతారు.

అంత దూరం ఎందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులున్నారు. ఒకప్పుడు క్రైస్తవ సంఘాల్లో ఉన్న మాదిగ కుటుంబాలే. క్రీస్తు విషయంలో వారితో మాకు పొత్తు కుదరదు. అయినా ఆ కొద్ది ఇళ్లవాళ్లు సమాజమందిరం కట్టుకుని పిల్లలకు హెబ్రీ నేర్పుకున్నారు.

మరి మన పిల్లలు? ములుగు, పరకాల, నర్సంపేట పల్లెల నుంచి హనుమకొండకు, కాకతీయ యూనివర్సిటీకి వస్తారు. హాస్టల్లో జ్వరమొచ్చినా ఏ సంఘమూ పలకరించదు. క్రిస్మస్‌కు ఊరొస్తే మాత్రం సాక్ష్యం చెప్పమంటారు.

"ఇది ధర్మశాస్త్రం కిందికి పోవడమే" అనేవారున్నారు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో ఇంటింట రొట్టె విరిచినవారు యూదులే గదా. అన్నానికి పిలవడం ధర్మశాస్త్రమైతే, కొమ్ము ఊదడం కృప ఎట్లా అయింది?

జెండాల ఖర్చు ఆపండి. నయీంనగర్‌లో, యూనివర్సిటీ చుట్టుపక్కల ఉన్న విశ్వాసులు శనివారం సాయంత్రం ఇద్దరేసి విద్యార్థులను ఇంటికి పిలవండి. మైకు వద్దు, ప్రసంగం వద్దు. అన్నం, పచ్చిపులుసు చాలు. ఒక అధ్యాయం కలిసి చదవండి, వాళ్లు అడిగేది అడగనివ్వండి. మార్కుల మాట, పెళ్లి మాట మాత్రం ఎత్తకండి.