సంగీతసేవల నాదగుణము

పాటలను ఇంటింటికి నందించు స్ట్రీమింగు సేవలలో దేని నాదము మేలైనదని మిత్రులు పలువురు మమ్మడుగుచున్నారు. వీరిలో కొందరు లక్షకు పైబడి వెచ్చించి ఆంప్లిఫయరును, స్పీకర్లను ఇంట నమర్చుకొన్నవారు. కొందరు చిన్ననాట తాతగారి గ్రామఫోను ముందు కూర్చుండి పాటలు విని, ఆ రుచిని నేటికిని మరువనివారు. నెలకొక చందా చెల్లించినచో పదికోట్లకు మించిన పాటలు చేతికందు దినములు వచ్చినవి. సంతోషమే. కాని ఏ సంస్థను జూచినను తన అంకెయే గొప్పదని చాటుచున్నది. ఒకరు 320 అందురు. ఒకరు 1,411 అందురు. వేరొకరు 24 బిట్లు, 192 కిలోహెర్ట్సు లందురు. ఈ అంకెలను బట్టి సేవ నెన్నుకొనుట బస్తాపైనున్న ముద్రను జూచి బియ్యపు రుచి చెప్పుట వంటిదని మా యభిప్రాయము. ముద్ర అబద్ధము కాకపోవచ్చును. అది చెప్పునది వేరు, మనకు కావలసినది వేరు.

మొదట ఆ అంకెల యర్థము తెలిసికొనవలెను. 1982లో సి.డి. వెలువడినప్పుడు సెకనుకు 44,100 పర్యాయములు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయు పద్ధతి ఏర్పడెను. కుడి యెడమ పాయలు రెండును కలిసి సెకనుకు 1,411 కిలోబిట్లగును. మనుష్యుని చెవి 20 కిలోహెర్ట్సులకు మించిన ధ్వనిని వినజాలదు. నడివయస్సు దాటినవారికి అంతకూడ వినబడదు. 44,100 కొలతలలో 22 కిలోహెర్ట్సుల వరకు ధ్వని యిముడును. అనగా నలుబది యేండ్లనాటి యా ప్రమాణమే మన చెవికి చాలినంత యున్నది. తరువాత వచ్చిన ఎం.పి.3, ఏ.ఏ.సి., వోర్బిస్ మున్నగునవి చెవికి పట్టని భాగములను తీసివైచి పాటను చిన్నదిగా జేయును. ఫ్లాక్, ఆపిల్ వారి అలాక్ అనునవి యేమియు తీసివేయవు. పట్టుచీరను మడిచి పెట్టెలో పెట్టి మరల విప్పినట్లు, మొదటి ధ్వనిని యథాతథముగా తిరిగి యిచ్చును. దీనినే లాస్‌లెస్ అనుచున్నారు.

ఇక సేవల చరిత్ర. స్వీడను దేశమున పుట్టిన స్పాటిఫై 2008లో ప్రారంభమైనది మొదలు చిరకాలము 320 కిలోబిట్లకు మించలేదు. 2021 ఫిబ్రవరిలో లాస్‌లెస్ ఇచ్చెదమని వాగ్దానము చేసి, నాలుగున్నర సంవత్సరములు చందాదారులను నిరీక్షింపజేసి, 2025 సెప్టెంబరులో 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్సుల వరకు ఇచ్చెను. మన దేశమున మాత్రము ఆ సదుపాయము హెచ్చు చందా చెల్లించువారికే యేర్పరచిరి. ఆపిల్ వారు 2021 జూనులోనే అదనపు రుసుము లేకుండ 24 బిట్లు, 192 కిలోహెర్ట్సుల వరకు ఇచ్చిరి. టైడల్ అను సేవ ఎం.క్యు.ఎ. అను విచిత్రపు మడతను కొన్ని సంవత్సరములు పొగడి, 2024లో దానిని విడిచి ఫ్లాక్‌నే పట్టుకొనెను. మొదట దానిని పొగడుటకును, తరువాత విడుచుటకును శ్రోతల చెవులలో నే మార్పు వచ్చెనో మాకు తెలియదు! యూట్యూబ్ మ్యూజిక్ 256 కిలోబిట్లతోనే తృప్తి పడుచున్నది; అయినను దానిని వినువారు కోట్లకొలది యున్నారు.

ఈ భేదము చెవికి తెలియునా యన్నది అసలు ప్రశ్న. 2007లో అమెరికాలో మేయరు, మోరను అను నిరువురు హై రెజల్యూషన్ డిస్కులను నేరుగా నొకపరియు, సి.డి. ప్రమాణమునకు దించి యొకపరియు వినిపించి పరీక్షించిరి. 554 పర్యాయములలో సరిగా గుర్తించినవి సగమే. బొమ్మా బొరుసా యని నాణెము నెగురవైచి చెప్పినను అంతే వచ్చును. 2016లో లండనునందలి క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమునకు చెందిన రైస్ అనునాయన 18 పరీక్షల ఫలితములను కూర్చి చూడగా సరియైన సమాధానములు నూటికి 52.3గా తేలినవి, శిక్షణ పొందినవారిలో కొంత హెచ్చు. కావున భేదము బొత్తిగా లేదనుట సాహసము. ఉన్నదాని పరిమాణము మాత్రము ఇంతయే. సి.డి. ప్రతిని 320 ప్రతినుండి విడదీయగల చెవి యుండవచ్చును. అది పెరటిలో పూచిన పువ్వు కాదు.

అట్లయిన “ఈ సేవలో గొంతు మరింత నిండుగా నున్నది” అని మిత్రులు చెప్పునది భ్రమయా? భ్రమ కాదు. వారు వినుచున్నది నాదగుణము కాదు, నాదపరిమాణము. స్పాటిఫై పాటల బిగ్గరతనమును ఒక ప్రమాణమునకు సరిచేసి పంపును. ఇతర సేవల ప్రమాణములు వేరు. కొన్నిటిలో ఆ సవరణ మనమే పెట్టుకొనవలెను. రెండింటి నడుమ ఒక డెసిబెలు భేదమున్నను బిగ్గరగా వచ్చునదే మేలైనదిగా దోచుట మనుష్యస్వభావము. దానిని సమము చేయకుండ జరుగు పోలిక లన్నియు వ్యర్థములని మేము నిష్కర్షగా చెప్పుచున్నాము. పత్రికలలోను, వీడియోలలోను వచ్చు తీర్పులలో ఈ జాగ్రత్త తీసికొన్నవి యెన్ని?

మొన్న కాకినాడలో నొక మిత్రుని యింట మే మీ పరీక్షను చేసితిమి. రెండు సేవల ధ్వనిని మీటరుతో సమము చేసి, ఏది యేదో చెప్పకుండ వారి కుమార్తెచే మార్పించితిమి. మేము, మిత్రుడు, ఆయన బావగారు వరుసగా పందెము వేసి వరుసగా ఓడితిమి. బావగారు కచేరీలు విన్నవారు. వారికే కొంచెము కష్టము గలిగెను. అంతట ఆ పిల్ల విసుగుపడి, ఎదురుగా నున్న పాలరాతి నేలపై నొక పెద్ద జంబుకానా పరచి, గాజుతలుపులకు తెరలు లాగినది. హాలంతయు మారిపోయెను! మృదంగము వలంతలమీది దెబ్బ, తొప్పిమీది గుమికి విడివిడిగా వినవచ్చినవి. స్పీకర్లను గోడమూలలనుండి రెండడుగులు ముందునకు జరుపగా అంతవరకు గదినంతయు నావరించిన మంద్రపు మ్రోత అణగెను. అంతకుముందు గంటన్నరసేపు మేము వాదించుకొన్న భేదములన్నియు నొక జంబుకానాకు సరిరాలేదు.

మరియొక ముచ్చట. మిత్రుడు హెచ్చు చందా గట్టి లాస్‌లెస్ తెప్పించుకొనుచుండెను గదా. ఫోనునుండి స్పీకర్లకు బ్లూటూతు ద్వారా పంపుచుండెను! సాధారణముగా వాడుకలోనున్న బ్లూటూతు పద్ధతులు పాటను మరల నొకసారి నలిపి చిన్నదిగా జేసి పంపును. వానిలో మేలైనదని పేరుపడిన ఎల్‌డాక్ సైతము 990 కిలోబిట్లకు మించదు. పెద్దకాలువకు తలుపులన్ని యెత్తి నీరు వదలి, పొలము చెంత పూడిన బోదెను త్రవ్వించకుండుట సేద్యము తెలిసినవా రెవరును చేయరు. పాట విషయమున మాత్రము చేయుచున్నారు. వైఫై ద్వారా తానే పాటను తెచ్చుకొను యంత్రమైనను, ఫోనునుండి తీగతో కలుపు చిన్న డాక్ యంత్రమైనను ఉన్నగాని లాస్‌లెస్ చందాకు ఫలము లేదు. పల్లెలలో నెట్ సౌకర్యము మందముగా నున్నచోట అది భారముకూడ. గంటకు 320 కిలోబిట్ల పాట 144 మెగాబైట్లు తినును. 24 బిట్లు 192 కిలోహెర్ట్సుల ధ్వని మడతపెట్టకమునుపు గంటకు నాలుగు గిగాబైట్లకు మించును.

అయితే నాదగుణమునకు సేవలే కారణము కావా? అగును, కాని మన మడుగుచున్న చోట కాదు. ఆ దినముననే మిత్రుని యింట నొక ప్రాత సినిమాపాటను వెదకగా ఒకే సేవలో మూడు ప్రతులు దొరకినవి. మొదటిదానిలో రికార్డుపై ముల్లు గీచిన బుసబుస వినబడుచున్నను గొంతు సజీవముగా నున్నది. రెండవదానిలో బుసను తీసివేయు నుత్సాహమున వేణువులోని యూపిరిని, వీణపై మీటుపదునును, సకారములను కూడ తుడిచివైచిరి. గాయకుడు దుప్పటి కప్పుకొని పాడినట్లున్నది. మూడవది ఒక్క పాయలో ముద్రించిన పాటకు ప్రతిధ్వని చేర్చి, రెండు పాయలు చేసి, బావిలోనుండి పాడించినట్లు చేసిరి. విచిత్రమేమనగా, హెచ్చు అంకె గల ముద్ర పడినది రెండవదానికి! చెరిపివేసిన దానిని 24 బిట్లలో పెట్టినను 16 బిట్లలో పెట్టినను చెరిగినది చెరిగినట్లే యుండును. మూడు ప్రతుల నడుమ మేము విన్న భేదము ముందు సేవల నడుమ భేదము లెక్కకు రాదు; దీనిని గుర్తించుటకు పరీక్షయు మీటరును అక్కరలేకపోయెను.

మన యోగ్యతకు తగిన కోరిక యిది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గొంతును ముద్రించినది మొదలు మన దేశపు సంగీతము లక్కరికార్డులలోను, తరువాత టేపులలోను నిలిచి యున్నది. 1932లో భక్తప్రహ్లాద వచ్చినప్పటినుండి తెలుగు సినిమాపాటయు ఆ దారిలోనే వచ్చినది. ఆ లక్కరికార్డులు పగులుచున్నవి, టేపులు పొడియగుచున్నవి. మంచి ప్రతినుండి, మంచి ముల్లుతో, తగిన వేగమున నొకసారి శ్రద్ధగా దింపినచో ఆ నాదము రాబోవు తరములకు దక్కును. అశ్రద్ధగా దింపి, చౌకగా తుడిచి, ప్రసారమునకు పెట్టినచో ఆ చెడ్డ ప్రతియే లోకమున నిలిచి, మంచిదానిని వెదకువారు కూడ నుండరు. ఏలయన, వినువారు ఆ గాయకుని గొంతే అంతయని నమ్మెదరు. చందాలో ఏబది రూపాయల హెచ్చుతగ్గులకంటె ఇది పెద్ద నష్టము గాదా?

హక్కులు గల కంపెనీలును, ప్రసారసేవలును ప్రతి పాటకును కొన్ని వివరములు తెలుపవలెనని మేము కోరుచున్నాము: ముద్రించిన సంవత్సరము, దింపినది రికార్డునుండియా టేపునుండియా, దింపిన సంవత్సరము, సవరించినవారి పేరు. ఇప్పుడు 1950 ప్రాంతపు పాటకు ఏదో సంకలనము వెలువడిన ఇటీవలి సంవత్సరము వ్రాయుట పరిపాటియైనది. ఆపిల్ వారు 2023 మార్చిలో పాశ్చాత్య శాస్త్రీయసంగీతమునకు ప్రత్యేకముగా నొక యాప్‌ను వెలువరించి, అందు కృతికర్తను, వాద్యబృందమును, నిర్వాహకుని బట్టి వెదకుకొను నేర్పాటు చేసిరి. మన కర్ణాటక సంగీతమునకు వాగ్గేయకారుడు, రాగము, తాళము, వయొలిను, మృదంగము వాయించినవారి పేర్లు, కచేరీ జరిగిన స్థలము తెలుపుట అంతకంటె కష్టమైన పని కాదు. ప్రక్కవాద్యముల వారి పేరు లేని కచేరీ యెక్కడనైన నుండునా? సేవలలో నున్నది.

ఇట్టి వివరములు వచ్చువరకు మా సలహా నడుగువారికి చెప్పునది కొలదియే. ఒక్కొక్క సేవను నెలదినములు పట్టి, తమకు ప్రియమైన ఇరువది ప్రాతపాటలను అందు వెదకి, ఏ ప్రతులున్నవో చూచుకొనవలెను. ప్రతులు మంచివైన సేవయే వారికి మంచి సేవ. మా మిత్రుడు హెచ్చు చందాను మాని, తీగ నొకటి కొని, జంబుకానాను హాలులోనే యుంచినాడు. ఆ ప్రాతపాట మొదటి ప్రతిని ఇప్పటికి నిత్యము వినుచున్నాడు. అది యే రికార్డునుండి ఎవరు దింపినదో తెలుపుమని సేవవారికి వ్రాసి రెండు మాసములైనది, జవాబు రాలేదు.