చుక్కాని గదిని ఎందుకు పీకేశారు?

నెదర్లాండ్స్ కాలవల్లో ఒకప్పుడు సరుకు మోసిన పడవల్ని ఇప్పుడు ఎంతో శ్రద్ధగా బాగుచేస్తున్నారు. ఆ శ్రద్ధని తప్పుపట్టను. కానీ ‘అసలు రూపానికి తెస్తున్నాం’ అనే మాట ఉంది చూశారూ, దానితోనే నా తగువు. ఆ మాట చాటున ఆ పడవల జీవితంలో సగం చెరిగిపోతోంది.

ముందు పడవల సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివరికి కొయ్య పడవల స్థానంలో ఇనుపవి, తర్వాత ఉక్కువి వచ్చాయి. రేకుల్ని రివెట్లతో బిగించి కట్టేవారు. బొద్దుగా గుండ్రటి ముక్కు, చదునైన అడుగు, రెండు పక్కలా నీళ్ళలోకి దించే రెక్కలు ఉంటే అది త్యల్క్. ముక్కు కోసుగా ముందుకు వంపు తిరిగితే క్లిపర్. ఫ్రీస్‌లాండ్‌లోని ఇరుకు కాలవలకీ లాకులకీ సరిపడేలా, దాదాపు 20 మీటర్ల లోపు పొడవుతో కట్టిన చిన్న త్యల్క్ పేరు స్కూట్షె. పీట్, పశువుల ఎరువు, మట్టి, బీట్ దుంపలు వీటిలో వెళ్ళేవి. వెనకవైపు చిన్న గదిలో పడవ నడిపేవాడి సంసారం మొత్తం.

ఇవాళ ఒక పాత పడవ దొరికితే అది ఏదో పోల్చుకోవటం ఎలా? పేరుని నమ్మటానికి లేదు. యజమాని మారితే పేరూ మారేది. నమ్మదగినవి ఒంటి మీద కొట్టిన అంకెలే. ఎంత బరువు మొయ్యగలదో అధికారులు కొలిచి, ఆ కొలత నంబరుని పడవ మీద ముద్రించేవారు. పొడవు పెంచితే మళ్ళీ కొలవాలి, మళ్ళీ ఇంకో నంబరు. ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే కడాస్టర్ ముద్ర వేరు: ఒక సంఖ్య, లోతట్టు నీళ్ళ పడవ అని చెప్పే ‘బి’ అక్షరం, ఊరి పేరు పొట్టిగా, ఒక సంవత్సరం. ఆ సంవత్సరాన్ని పడవ పుట్టిన ఏడాది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అది రిజిస్టరు చేసిన ఏడాది. పడవకి అప్పటికే ముప్పై ఏళ్ళు ఉండొచ్చు.

అంటే ఈ గుర్తులు పడవ పుట్టుకని ఒక్కదాన్నే కాదు, ఎప్పుడెప్పుడు మారిందో కూడా చెబుతాయి. నడుం దగ్గర కోసి ముక్క కలిపింది ఎప్పుడు, చేతులు మారింది ఎప్పుడు, అన్నీ. విచిత్రమేమంటే, ఆ గుర్తుల సాయంతోనే పుట్టిన ఏడాదిని పట్టుకుని, ఆ తర్వాత వచ్చిన మార్పుల్ని గ్యాస్ కట్టర్‌తో కోసి పారేస్తున్నారు. దస్తావేజు చదివిన చేత్తోనే దాన్ని చింపేస్తున్నారన్నమాట.

ఆ మార్పులు ఎవరికి ఏమిచ్చాయో చూద్దాం. మోటారు రాకముందు, గాలి లేని రోజున పడవని గట్టు మీద నుంచి తాడుతో లాగాలి. గుర్రానికి డబ్బుల్లేకపోతే? భార్యా పిల్లలే లాగేవాళ్ళు, ఒంటికి అడ్డంగా పట్టీ తగిలించుకుని. మగవాడు చుక్కాని కర్ర పట్టుకుని వానలో నిలబడేవాడు. 1920లు, 30లలో మోటార్లు విస్తరించాయి. ఆవిడ ఒంటి మీద నుంచి పట్టీ దిగింది. చుక్కాని గది కట్టుకున్నాక ఆయన నెత్తిన వాన ఆగింది. ఆ గదినే ఇప్పుడు ‘అందం చెడగొట్టిన అతుకు’ అని పీకేస్తున్నారు. తెరచాప కొయ్య నిలబెడుతున్నారు. మోటారుని మాత్రం తియ్యరు, డెక్కు కింద దాచేస్తారు! సెలవు రోజున గాలి పడిపోతే ఒడ్డుకి చేరాలి కదా. మోటారు సుఖం కావాలి, కంటికి మాత్రం కనపడకూడదు. ఇది ఏ ఏడాదిలోనూ లేని పడవ. దీన్ని అసలు రూపం అనటం ఎలా?

అవతలివాళ్ళ వాదనలో బలం లేదనను. వాళ్ళ చెమటే లేకపోతే వీటిలో చాలా పడవలు తుక్కు ఇనుము కింద పోయేవి. తెరచాప విద్య కూడా తెరచాప ఎత్తితేనే బతుకుతుంది. ఫ్రీస్‌లాండ్‌లో స్కూట్షె పందేల సంఘం 1945 నుంచి ఉంది. పడవ నడిపిన కుటుంబాల వారసులకే అందులో చుక్కాని ఇస్తారు. పొడిగించిన పడవని అలాంటి పందెం కోసం మళ్ళీ కురచ చేశారంటే అర్థం చేసుకుంటాను. దాన్ని పందెం పడవ అనండి, చాలు. కట్టడాల పరిరక్షణకి దారి చూపిన 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా అన్ని కాలాల చేర్పుల్నీ గౌరవించమనే చెప్పింది. ఏకరూపత సాధించటం లక్ష్యం కాదంది. గుడికి వర్తించే నీతి పడవకి ఎందుకు వర్తించదు? గుడి అంటే గుర్తొచ్చింది, జీర్ణోద్ధరణ పేరుతో ఇసుక కొట్టి పాత రాళ్ళ మీద చెక్కడాల్ని అరగదియ్యటం మనమూ చూశాం. గ్రైండర్ కింద పడవ నంబరు పోవటం అలాంటిదే.

1974లో ఏర్పడిన అక్కడి జాతీయ పరిరక్షణ సంఘం పేరులో మొదట ‘తెరచాప’ ఉండేది. తర్వాత దాని బదులు ‘చారిత్రక’ అని చేర్చుకున్నారు. పేరులో జరిగిన దిద్దుబాటు రేవుల్లోనూ జరగాలి. పాత నంబర్లని అరగదియ్యొద్దు. కొత్తగా వేసిన కొయ్య మీద, రేకు మీద, వేసిన ఏడాది రాయండి. వెల్డింగ్ చేసినచోట రివెట్ తలల్ని అతికించి పాతదనిపించొద్దు. చుక్కాని గది కొయ్యది, పాతది, ఇంకా నిలబడి ఉందా? రంగు వేసి అలాగే ఉంచండి. వానలో తడిసినవాడు అప్పు చేసైనా కట్టించుకున్న గది అయ్యుంటుంది అది.